మూడో పాదంలో ఆగిన పద్యం

సోములును నాలుగు గంటలకు మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. మత్స్యరాజు గడియారంలో ఒంటిగంటా పది. ఈ రెండు గంటల యాభై నిమిషాల్లో ఆ మనిషి హంతకుడు కాదని తేల్చకపోతే ఇక కేసు పట్టాలెక్కిపోతుంది. పట్టాలెక్కిన కేసును దించడం ఎంత కష్టమో మత్స్యరాజుకు తెలిసినంతగా నర్సీపట్నంలో ఇంకెవరికీ తెలియదు. ముప్పై నాలుగేళ్ల నౌకరీలో అలాంటివి చాలా ఎక్కించాడు. అంత చేసినా హెడ్ కానిస్టేబుల్‌గానే రిటైరై, ఇప్పుడు ఇంటి గోడకు ‘ప్రైవేటు డిటెక్టివ్’ అని బోర్డు పెట్టుకున్నాడు. ఆ బోర్డు చూసి నవ్వనివాళ్లు ఊళ్లో తక్కువ.

నవ్వని మనిషి ఒకతి పొద్దున కొయ్యూరు నుంచి మొదటి బస్సులో దిగింది. సోములు భార్య లోవలక్ష్మి. ఏడవలేదు, దణ్ణం పెట్టలేదు. “మావోడు తలుపు కొట్టినాడు, పలకలేదని ఎల్లిపోనాడు. అంతే. మీరూ మా కొండోళ్లే గదా, నమ్ముతారో నేదో సెప్పండి” అంది. నమ్ముతానని మత్స్యరాజు చెప్పలేదు. చొక్కా వేసుకుని బయల్దేరాడు.

కేసు చిన్నది. నిన్న, అంటే బుధవారం, కళాసమితి భవనం వెనక గదిలో దేవుళ్లు మాస్టారు చనిపోయి ఉన్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ల హార్మోనిస్టు. ఎవరో ఎదురుగా నిలబడి తోశారు, వేషాల సామాను పెట్టుకునే ఇనప పెట్టె మూలకు తల వెనకభాగం తగిలింది. పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. ఎదురుగా ఉన్న మందుల షాపు కెమెరాలో సోములు పన్నెండూ ముప్పై ఒకటికి గేటు లోపలికి వెళ్లి, ముప్పై ఎనిమిదికి బయటికి వచ్చాడు. చేతుల్లో ఏముందో అందులో తెలియడం లేదు. మాస్టారి హార్మోనియం పెట్టె తెరిస్తే ఖాళీ. సాయంత్రం ఆరింటికి ఆ హార్మోనియం సోములు ఇంట్లో దొరికింది. సీఐ ధర్మతేజకు అంతకంటే ఏం కావాలి?

ఇదంతా నిలబడింది ఒక్క సాక్ష్యం మీద. కళాసమితి వెనక గోడకు ఆనుకుని ఉండే అప్పలకొండమ్మ, పన్నెండూ పదికి మాస్టారు హార్మోనియం వాయిస్తూ పద్యం పాడుతుండగా విన్నానంది. అప్పటికి మనిషి బతికే ఉన్నాడు, హార్మోనియమూ గదిలోనే ఉంది. ఆ తర్వాత లోపలికి వెళ్లింది సోములు ఒక్కడే.

పొద్దంతా ఊళ్లో వాకబు చేసి, మత్స్యరాజు ఇప్పుడు ఆమె దగ్గరికి వెళ్లాడు.

అప్పలకొండమ్మకు అరవై నాలుగేళ్లు. మొగుడు పోయాక నలుగురికి వండి క్యారేజీలు కడుతూ బతుకుతోంది. ఇరవై ఏళ్లుగా మాస్టారికి మధ్యాహ్నం భోజనం ఆమే పెట్టింది. నిన్న ఒంటిగంటన్నరకు శవాన్ని మొదట చూసిందీ ఆమే.

“నిన్ననే సెప్పేసినాను గదా బాబూ. మళ్లీ ఏటి సెప్పమంటావు?”

“పన్నెండూ పదని అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావమ్మా?”

“పన్నెండుంపావుకి డ్వాక్రా మీటింగు. బేగి రమ్మని లీడరు ఫోను సేసింది. ఫోనులో టైము సూసుకునే బయల్దేరినాను. ఒంటిగంటా ఇరవై దాకా అక్కడే ఉన్నాను, ముప్పైమందిని అడుగు.”

“అడిగాను. ఉన్నావు. మాస్టారు ఏ పద్యం పాడుతున్నాడు?”

“ఇంకేటి పద్యం? ఊరంతా అదే గదా ఇప్పుడు. కుంతల రాజు పద్యం.”

ఊరంతా అదేనన్నది నిజం. ‘కుంతల విజయం’ ఈ చుట్టుపక్కల మూడు తరాలు ఆడిన పద్యనాటకం. నలభై అయిదేళ్ల కిందట, ఊరు మొత్తానికి రెండు మూడు టీవీ పెట్టెలున్న రోజుల్లో, కళాసమితి వాళ్లు హైదరాబాదు వెళ్లి దాన్ని టీవీకి ఆడి వచ్చారు. రాజు వేషం చిట్టిరాజుది. ఆ ఒక్క పద్యంతో ఆయన పేరు రాష్ట్రమంతా మోగింది. సన్మానాలు, బిరుదులు, గండపెండేరం, ఆఖరికి ఘనమైన చావు కూడా అయిపోయాయి. పోయిన నెలలో ఎవరో ఆ పాత టేపును ఇంటర్నెట్లో పెట్టారు, లక్షలమంది చూశారు. ఇవాళ సాయంత్రం అయిదింటికి కళాసమితి ముందు ఆయన విగ్రహం ఆవిష్కరణ. మాస్టారు చచ్చిపోయాడు కదా వాయిదా వేద్దామా అని ఎవరో అడిగితే, రెండు నిమిషాలు మౌనం పాటిస్తే సరిపోతుందని కమిటీ తేల్చేసింది.

“పద్యం పూర్తిగా విన్నావా?”

“ఏదీ? మూడో పాదం కాడ దగ్గొచ్చి ఆగిపోనాది. ఒక్క సప్పట్టు పడింది, మళ్లీ మొదట్నించీ ఎత్తుకున్నాడు. అంతవరకే ఇన్నాను.”

మత్స్యరాజు కాగితం మీద రాసుకున్నాడు. ఆమె గుమ్మం వైపు చూసింది. బయట అరుగు మీద లోవలక్ష్మి కూర్చుని ఉంది.

“ఆ అమ్మి ఆడి పెళ్లామేటి?”

“అవును.”

“ఏటైనా తిన్నాదా?” అని సమాధానం కోసం ఆగకుండానే లోపలికి వెళ్లి, కంచంలో అన్నం, పప్పు పెట్టి తీసుకెళ్లి లోవలక్ష్మి ముందు పెట్టింది. పెట్టేటప్పుడు ఆ మనిషి మొహంలోకి చూడలేదు. తిరిగి వచ్చి, “ఆడికెన్నేళ్లు పడతాది?” అని అడిగింది.

“పదేళ్లు పడొచ్చు.”

ఆమె చెంబుతో నీళ్లు తీసుకుని మళ్లీ అరుగు మీదికి వెళ్లింది.

బయటికి వచ్చాక మత్స్యరాజుకు ఆ దగ్గు, ఆ చప్పట్టు మింగుడుపడలేదు. జాతర నాటకాలకు ముప్పై ఏళ్లు బందోబస్తు కాసిన మనిషి. చదువు అంతంతమాత్రం గానీ నాటకాల వాళ్ల అలవాట్లు అతనికి కొట్టినపిండి. ఒకసారి నాతవరంలో పందిరి కొసకు నిప్పంటుకుంటే జనం పరుగులు తీస్తున్నారు, రాజు వేషగాడు నాలుగు పాదాలూ పూర్తిచేసి, రాగం కూడా తీసి, అప్పుడు దూకాడు. పద్యం నడుమ ఆపితే నాటకం నాశనమని వాళ్ల నమ్మకం. గొంతు పూడుకుపోతే హార్మోనిస్టు ఆ పాదాన్ని పెట్టె మీద లాగించేస్తాడు గాని ఆగనివ్వడు. అరవై ఏళ్లు వాయించిన దేవుళ్లు మాస్టారు, ఒంటరిగా కూర్చున్నా సరే, ఆపి చప్పట్టు కొట్టి మళ్లీ మొదలుపెడతాడా? అతనికి నమ్మబుద్ధి కాలేదు.

ఒంటిగంటా యాభైకి మాస్టారి గది చేరాడు. కాపలా ఉన్న కానిస్టేబుల్ సింహాద్రి పాత సహోద్యోగి. అటూ ఇటూ చూసి తాళం తీశాడు.

“బేగి సూసుకోండి గురువుగారూ. సీఐ గారొస్తే నా పని అయిపోద్ది.”

ఇనప పెట్టె మూలకు రక్తం ఎండి ఉంది. వెనక తలుపు తెరిస్తే అప్పలకొండమ్మ పెరడు. బల్ల మీద హార్మోనియం పెట్టె మూసి ఉంది, మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తియ్యకపోతే లోపల వాయిద్యం లేదని ఎవరికీ తెలియదు.

“సోములు ఏమంటున్నాడు?”

“తిత్తి చినిగిపోతే బాగు సెయ్యమని మాస్టారే సోమారం ఇచ్చినాడంట. గోనెసంచీలో సుట్టి అట్టుకెల్లినాడంట. ఇంకా అవ్వలేదని సెప్పడానికే నిన్నొచ్చినాడంట. ఎవుడు నమ్ముతాడండి?”

“నిన్న కొయ్యూరులో దాన్ని పట్టింది నువ్వేగా? ఎలా ఉంది?”

“తిత్తికి కొత్త తోలు అతికించి, మీద రాయెట్టి నీడని ఉంచినాడు.”

“బంక తడిగా ఉందా, ఆరిందా?”

సింహాద్రి తల గోక్కున్నాడు. “మడత ఇప్పబోతే ఇప్పుకోలేదండి. రాయిలా గట్టిపడిపోనాది.”

“తోలు బంక అలా గట్టిపడాలంటే నీడలో రెండు రోజులు పడుతుంది. నిన్న మధ్యాహ్నం పన్నెండూ పదికి ఈ గదిలో మోగిన పెట్టె, సాయంత్రం ఆరింటికి కొయ్యూరులో అలా ఎలా ఉంటుందిరా?”

సింహాద్రి ఖాళీ హార్మోనియం పెట్టె వైపు చూశాడు.

అప్పలకొండమ్మ వినలేదు. వినడానికి ఇక్కడ ఏమీ మోగలేదు. పోనీ ఎవరైనా ఫోన్లో ఆ టీవీ నాటకం పెట్టుకుంటే దాన్ని విన్నదేమో? మత్స్యరాజు తన ఫోన్ తీసి ఆ పద్యం పెట్టాడు. చిట్టిరాజు కిరీటం పెట్టుకుని పెదవులు కదుపుతున్నాడు. పద్యం నాలుగు పాదాలూ నీళ్లలా సాగిపోయింది. దగ్గు లేదు, చప్పట్టు లేదు.

మేకుకు మాస్టారి చొక్కా వేలాడుతోంది. జేబులో నాలుగు మడతల కాగితం దొరికింది.

“అది ఉపన్యాసమండి. ఇయ్యాల సభలో సదవడానికి రాసుకున్నాడు. సీఐ గారు సూసి వదిలేసినారు” అన్నాడు సింహాద్రి.

మత్స్యరాజు అరుగు మీద కూర్చుని చదివాడు. మొదటి పేజీ అంతా చిట్టిరాజు పొగడ్త. రెండో పేజీ మధ్యలో ఇలా ఉంది: ‘ఆ రోజుల్లో టీవీ వాళ్లు ముందు పాట రికార్డు చేసేవారు. తర్వాత దాన్ని వినిపిస్తుంటే వేషధారి పెదవులు కదిపేవాడు. నేను అయిదున్నర శ్రుతి పెట్టాను. మూడో పాదంలో దగ్గు వచ్చి పద్యం ఆగిపోయింది. అద్దాల గదిలోంచి ఒకాయన వచ్చి ఒక్క చప్పట్టు కొట్టి, మళ్లీ మొదటి నుంచి అన్నాడు. నా పెట్టె మీద పద్యం నడుమ ఆగడం జన్మలో అదొక్కసారే. మావాళ్లలో ఆ గదిలో ఉన్న నలుగురికి తప్ప ఈ సంగతి తెలియదు. చిట్టిరాజు గారు, నేను, తబలా సన్యాసి, ఇంకా’.

తర్వాత రెండు లైన్లు ఎర్ర సిరాతో గట్టిగా కొట్టేసి ఉన్నాయి. వెలుగుకు పెట్టి చూస్తే మొదటి రెండు మాటలు మాత్రం ఆనాయి. ‘ఆ పిల్ల.’

స్టేజీ మీద మగవాళ్లు పాడే అయిదున్నర శ్రుతి మామూలు మగగొంతుకు అందదు. ఆడపిల్లకు మాత్రం అది పుట్టుకతో వచ్చిన శ్రుతి. రాజు వేషానికి ఆడపిల్ల వెనక నుంచి పాడితే లోకంలో ఎవరికీ అనుమానం రాదు. నలభై అయిదేళ్లు రాలేదు కూడా.

“సింహాద్రీ, ఆ రోజుల్లో కళాసమితిలో ఆడవాళ్లు ఉండేవారా?”

“ఆడేషాలు కూడా మగోళ్లే ఏసేవోరండి. సీరలు కట్టడానికి, జడలెయ్యడానికి మాత్రం అప్పలకొండమ్మ ఎల్లేది. మాస్టారి కాడ సిన్నప్పుడు పద్యాలు నేర్సుకున్నాదని మా అమ్మ సెప్పీది.”

రెండూ నలభైకి సీఐ ధర్మతేజ జీపు దిగాడు. ఇస్త్రీ చొక్కా నలగని మనిషి. పదేళ్ల కిందట కొత్త ఎస్సైగా వచ్చినప్పుడు పంచనామా ఎలా రాయాలో ఇతనికి చెయ్యిపట్టి నేర్పింది మత్స్యరాజే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది, అందుకే ఇద్దరికీ పడదు.

“మత్స్యరాజు గారూ, రిటైరయ్యాక కూడా నేరస్థలాలు తిరిగే అలవాటు పోలేదా? ట్రెస్‌పాస్ కింద లోపల వెయ్యమంటారా?”

“వేద్దురుగాని సార్. ముందు ఇది చూడండి.” సార్ అన్నందుకు తన నాలుకను తనే తిట్టుకున్నాడు. బంక సంగతి, ఉపన్యాసం సంగతి అయిదు నిమిషాల్లో చెప్పాడు.

ధర్మతేజ విన్నాడు. వినడం వరకు అతను మంచి పోలీసే.

“ముసలావిడ రోజు పొరపడి ఉండొచ్చు. దగ్గు, చప్పట్టు సంగతి మాస్టారే ఎప్పుడో కబుర్లలో చెప్పి ఉండొచ్చు. ఆ పిల్ల అంటే ఏ పిల్లైనా కావచ్చు. మీవాడు కాబట్టి మీకు ఆరాటం. నాకు అర్థమవుతుంది.”

“మావాడే. అయితే ఏంటి సార్? కొండవాడి ఇంట్లో వాయిద్యం కనిపిస్తే దొంగసొత్తేనా?”

“గొంతు పెంచకండి. అయిదింటికి మంత్రిగారు వస్తున్నారు. చిట్టిరాజు గారి మనవడు ఈ సభకు అధ్యక్షుడు. ఆయన తాత పాడలేదు, క్యారేజీలు కట్టే మనిషి పాడిందని నేను రిపోర్టు రాయాలా? ఎవరు నమ్ముతారు? సాక్ష్యం ఏది?”

“ఆమెను ఇక్కడికి పిలిపించండి. మీరు పక్కనుండి వినండి. ఇరవై నిమిషాలు. ఏమీ తేలకపోతే ఆ ట్రెస్‌పాస్ కేసు నేనే రాసి సంతకం పెడతాను. పంచనామా కంటే బాగా రాస్తాను.”

ధర్మతేజ మొహం ఎర్రబడింది గాని గడియారం చూసుకుని తలాడించాడు.

మూడూ పదికి అప్పలకొండమ్మ వెనక తలుపులోంచి వచ్చింది. ఇనప పెట్టె వైపు చూడకుండా గోడవారన నిలబడింది. ముందువైపు జనం చేరుతున్నారు, కుర్చీలు లాగుతున్న చప్పుడు కిటికీలోంచి వినిపిస్తోంది.

మత్స్యరాజుకు ఈ పని మీద అసహ్యం వేసింది. అయినా మొదలుపెట్టాడు.

“అమ్మా, నీతో దాగుడుమూతలాడను. హార్మోనియం సోమవారం నుంచి ఈ గదిలో లేదు. నిన్న నువ్వు ఏ పద్యమూ వినలేదు. మీటింగుకి వెళ్లేముందు మాస్టారు బతికే ఉన్నాడని చెప్పాలి కాబట్టి ఒక పద్యం కావలసి వచ్చింది. నీకు గుర్తొచ్చింది నీ పద్యమే. అది నీ మనసులో ఎప్పుడూ మూడో పాదంలో ఆగి, చప్పట్టు పడి, మళ్లీ మొదలవుతుంది. ఆ గదిలో నువ్వున్నావు కాబట్టి. పాడింది నువ్వే కాబట్టి.”

ఆమె చెంగు కొస వేలికి చుట్టుకుంటోంది.

“నా చేతిలో ఇంకే రుజువూ లేదు. కాదు, నేను పాడలేదు, పొరపడ్డాను అని ఒక్క మాటను. నిన్నెవరూ ఏమీ చెయ్యలేరు. సోములు జైలుకు పోతాడు, సాయంత్రం చిట్టిరాజు విగ్రహానికి దండలు పడతాయి. పాడింది నేనే అన్నావా, నిన్న మీటింగుకు ముందు ఇక్కడికి ఎందుకొచ్చావో కూడా చెప్పాలి. రెండూ నీ చేతిలోనే ఉన్నాయి.”

సోములు పేరు వినగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గాని పెదవి విప్పలేదు. ఒక చావును నెత్తిన వేసుకోవడం ఎవరికైనా తేలిక కాదు.

ధర్మతేజ లేచాడు. “చూశారా? అయిపోయిందా మీ నాటకం?” అని ఆమె వైపు తిరిగి, కాళ్ల నుంచి తల దాకా చూసి ఫక్కున నవ్వాడు. “ఈవిడా? ఆ గొంతా? చిట్టిరాజు గారి ఆత్మ వింటే మళ్లీ చస్తుంది.”

అప్పలకొండమ్మ చెంగు వదిలేసింది. చెవి మీద అరచెయ్యి పెట్టుకుంది, కళ్లు మూసుకుంది. శ్రుతి ఇచ్చేవాడు లేడు, అయినా ఎత్తుకుంది.

“ఎన్ని దినంబులైన మఱి యెవ్వరు నిల్తురు నీ పురంబునన్...”

సింహాద్రి చేతిలో తాళంచెవి కింద పడింది. అరవై నాలుగేళ్ల గొంతుకు అంచుల్లో జీర వచ్చింది, అంతే. మిగతాదంతా ఊరు నలభై అయిదేళ్లుగా తలకెత్తుకున్న గొంతు. ఆ విరుపు అదే, ఆ రాగం తీరు అదే. ఫోన్లో గంట కిందట విన్నదానికీ దీనికీ తేడా లేదు. ధర్మతేజ నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. మత్స్యరాజుకు గర్వం కలగాల్సిన క్షణం అది. అతనికి ఏడుపొచ్చింది.

పద్యం అయిపోయింది. ఆమె రొప్పుతూ గోడకు ఆనుకుంది.

“మొన్న కాగితం సదివి ఇనిపించినాడు బాబూ. అందులో ఆ పిల్ల అన్నాడు. పోనీ ఆపాటైనా సెప్తాడులే అనుకున్నాను. నిన్నొచ్చి సూత్తే అదీ కొట్టేసినాడు. సచ్చిపోనోడి ఇగ్రహం ముందు ఆ మాట ఎలా సెప్తానే అన్నాడు. ఇరవయ్యేళ్లు కూడెట్టినాను, ఒక్క మాట అడిగినాను. తోసినాను. లేత్తాడనుకున్నాను.” ఊపిరి తీసుకుంది. “రాసుకోండి. పాడింది నానే, తోసింది నానే. ఆ కొండోడిని ఒగ్గీండి.”

ధర్మతేజ ఫోన్ తీసి, సోములును కోర్టుకు తీసుకెళ్లే జీపును ఆపమన్నాడు.

అప్పుడు కిటికీలోంచి ఈలలు వచ్చాయి. ముందువైపు వందమంది దాకా చేరి ఉన్నారు. గోడ ఇవతల ఎవరున్నారో వాళ్లకు తెలియదు. మైకు వాడు టేపు వేశాడనుకున్నారు.

“వన్స్ మోర్! వన్స్ మోర్!”

“చిట్టిరాజు గారికీ... జై!”

“ఏం గొంతురా బాబూ! మళ్లీ ఎయ్యండయ్యా!”

సింహాద్రి కిటికీ మూయబోయాడు. అప్పలకొండమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ధర్మతేజ కూడా వద్దన్నట్టు సైగ చేశాడు. చప్పట్లు బాగా మోగుతున్నాయి. అవి ఆగేదాకా ఆమె అక్కడే నిలబడి వింది, ఎవరూ కదపలేదు.